నీళ్ళు దింపని బాయిలర్

పవర్ ప్లాంటు మళ్ళీ తెరుస్తారట అని మా అక్క ఫోన్ చేసినప్పుడు నేను కాలేజీ స్టాఫ్ రూములో ఇంటర్ పిల్లల పేపర్లు దిద్దుతున్నాను. అక్క గొంతులో అంత హుషారు విని చాలా ఏళ్ళయింది.

"మీ బావని పిలిపించారే. పాత బాయిలర్ వాళ్ళకే ముందు ఉద్యోగాలంట. నిన్ను గూడా అడిగారంట, ల్యాబులో చేసినావిడ యాడుంది అని."

"మంచిదక్కా" అని పెట్టేశాను. ఆ తర్వాత దిద్దిన నాలుగు పేపర్లూ మళ్ళీ దిద్దాల్సి వచ్చింది.

అక్కని ఇచ్చిన ఊరు గురజాల దాటాక వస్తుంది. ఊరికి ఆనుకునే ఒక సిమెంటు ఫ్యాక్టరీ, దానికి సొంతంగా బొగ్గుతో కరెంటు తయారుచేసుకునే చిన్న పవర్ ప్లాంటు ఉండేవి. నరసరావుపేటలో కెమిస్ట్రీతో డిగ్రీ అయ్యాక ఏం చెయ్యాలో తెలియక క్రోసూరులో మా నాన్న పొలం గట్టున కూర్చున్న నన్ను తీసుకుపోయి ఆ ప్లాంటు ల్యాబులో పెట్టించింది మా బావే. ఆయన అక్కడ బాయిలర్ ఆపరేటరు. మేనేజరు "ఆడపిల్ల షిఫ్టులు చేస్తుందా" అని అడిగితే, "చెయ్యకపోతే నన్నడగండి" అన్నాడట. ఆ మాట నేను మర్చిపోలేదు. మర్చిపోతే తర్వాత జరిగినవన్నీ నాకు తేలిగ్గానే ఉండేవి.

బాయిలర్ అంటే లోపల వందల కొద్దీ ఇనప గొట్టాలు. గొట్టాల్లో నీళ్ళు, బయట మంట. ఆ నీళ్ళు ఆవిరై టర్బైనును తిప్పితే కరెంటు పుడుతుంది. ఆ నీళ్ళలో ఉప్పున్నా, గాలి కలిసినా గొట్టాన్ని లోపలి నుంచి తినేస్తుంది. పైకి చూస్తే ఏమీ కనపడదు. అందుకని షిఫ్టుకు నాలుగైదు సార్లు బాయిలర్ నుంచి సీసాలో నీళ్ళు పట్టి, పరీక్ష చేసి, ఏ మందు ఎంత కలపాలో చెప్పడం నా పని. నేను కాగితం మీద రాసేదాన్ని, బావ వాల్వులు తిప్పేవాడు. ఎనిమిదేళ్ళు అట్లా పనిచేశాం. మొదటిసారి బాయిలర్ నెత్తి మీదుండే స్టీమ్ డ్రమ్ దాకా ఇనప మెట్లు ఎక్కడానికి నేను జంకితే, ముందు తనెక్కి, వెనక్కి చూడకుండా, "కింద చూడమాక, నా చెప్పులు చూసుకుంటా రా" అన్నాడు.

నేను చేరిన ఐదో ఏట ఒక గొట్టం పగిలింది. శబ్దం ల్యాబు దాకా వచ్చింది. నేను బయటికి వచ్చేసరికి బాయిలర్ ముందంతా తెల్లటి ఆవిరి. అందులోంచి బావ ఒక మనిషిని చంకల కింద చేతులేసి ఈడ్చుకుంటూ వచ్చాడు. అతను ఫైర్‌మన్, ఊళ్ళో వాడే. గుంటూరు తీసుకుపోయారు, నాలుగో రోజు పోయాడు. బావ ఎడమ చెవి, మెడ వెనకాల చర్మం ఊడిపోయి కొత్తది వచ్చింది, వేరే రంగులో. ఆవిరి ఏం చేస్తుందో ఆ ఊళ్ళో అందరికంటే ఆయనకే బాగా తెలుసు. ఈ ముక్క ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత ఆయన తెలియక అబద్ధం చెప్పాడని ఎవరూ అనుకోకూడదు.

ప్లాంటు మూతపడింది ఒక వేసవిలో. బొగ్గు రావడం ఆగిపోయింది. మంట ఆర్పేశారు. తాత్కాలికంగా ఆపుతున్నాం, రెండు నెలల్లో మళ్ళీ వెలిగిస్తాం అన్నారు. బాయిలర్‌ని అట్లా ఊరికే వదిలెయ్యకూడదు. వేడి ఉండగానే నీళ్ళన్నీ దింపెయ్యాలి, గొట్టాలు ఆ వేడికి ఆరతాయి. తర్వాత పైన, కింద ఉండే డ్రమ్ముల్లో రాతి సున్నం ట్రేలు పెట్టి మూతలు బిగించాలి. సున్నం తేమ పీల్చుకుంటుంది. అప్పుడప్పుడు తెరిచి సున్నం మార్చుతూ ఉంటే ఏళ్ళకేళ్ళు చెక్కు చెదరకుండా ఉంటుంది. నేను ఆ సంగతంతా కాగితం మీద రాసి మేనేజరుకిచ్చాను. "రెండు నెలలకి ఇదంతా ఎందుకమ్మా" అని ఆయన దాన్ని సొరుగులో పెట్టాడు. పిడుగురాళ్ళ దాకా ఎటు చూసినా సున్నం బట్టీలున్న దేశంలో నాలుగు బస్తాల సున్నానికి ఎవరికీ చేతులు రాలేదు.

మంట ఆర్పిన మర్నాడే పనివాళ్ళను రేపటినుంచి రావద్దన్నారు. ఆ సాయంత్రం గేటు దగ్గర గొడవైంది. బావ తన తాళాలు సెక్యూరిటీ బల్ల మీద విసిరేసి వస్తున్నాడు. నేను ఎదురెళ్ళి అడిగాను.

"నీళ్ళు దింపారా బావా?"

"వాళ్ళ బాయిలరు, వాళ్ళే దింపుకుంటారు."

"నానిపోద్ది గదా లోపల."

"నాననీ."

నేను వెనక్కి వెళ్ళి ఆ వాల్వులు తెరిచి ఉండొచ్చు. ఎక్కడున్నాయో నాకు తెలుసు. పావుగంట పని. టిఫిన్ క్యారియర్ పట్టుకుని షేర్ ఆటో ఎక్కాను. నాకూ కోపంగానే ఉంది. అంతే జరిగింది. రెండు నెలలు పదేళ్ళయింది. నేను నరసరావుపేట వచ్చి ప్రైవేటు కాలేజీలో కెమిస్ట్రీ చెప్పుకుంటున్నాను. మా ఆయనకు మెడికల్ షాపు. బావ కొన్నాళ్ళు సున్నం బట్టీలో, కొన్నాళ్ళు రాయి లారీల మీద పనిచేశాడు. ఎక్కడా నిలవలేదు. పదిమంది ముందు బాయిలర్ నడిపిన మనిషికి, పార పట్టుకో అంటే ఆ మాట పడేది కాదు.

అక్క ఫోన్ చేసిన రెండు వారాలకు కొత్త కంపెనీ వాళ్ళు పాతవాళ్ళందర్నీ గెస్ట్‌హౌస్‌కు పిలిచారు. సెలవు పెట్టి వెళ్ళాను. వెళ్ళకుండా ఉండాల్సింది అని తర్వాత చాలాసార్లు అనుకున్నాను, అది కూడా నిజం కాదు. చూడాలనిపించే వెళ్ళాను.

హైదరాబాదు నుంచి ఒక ఇంజనీరు వచ్చాడు. మనిషి మర్యాదస్తుడే. ప్రొజెక్టరుతో గోడ మీద బొమ్మలు వేసి చూపించాడు. మొదటి బొమ్మలో పచ్చటి చెట్లు, మధ్యలో పొగ రాని చిమ్నీ. ఆ చిమ్నీ కింద ఏళ్ళ తరబడి నల్లటి ఉమ్మి ఊసిన వాళ్ళం అందరం కూర్చుని ఆ బొమ్మను చూశాం. ఎవరూ నవ్వలేదు. ముందు వరసలో బావ ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని బడిపిల్లాడిలా కూర్చున్నాడు. ఆ కూర్చోవడం చూస్తే నాకు ఒళ్ళు మండింది, ఎవరి మీదో చెప్పలేను.

బొమ్మలయ్యాక ఇంజనీరు అడిగాడు. "ప్లాంటు ఆపినప్పుడు బాయిలర్‌ని ప్రిజర్వ్ చేశారా? రికార్డులేమీ దొరకలేదు."

నేను నోరు తెరిచేలోగా బావ లేచి నిలబడ్డాడు.

"చేశాం సార్. వేడి మీదే నీళ్ళు దింపాం. డ్రమ్ముల్లో సున్నం ట్రేలు పెట్టాం. ఈ అమ్మాయే ల్యాబు. రాసిచ్చింది గూడా."

అందరూ నావైపు తిరిగారు. బావ తిరగలేదు. ఆయన మెడ మీద ఆ వేరే రంగు చర్మం మాత్రం నాకు కనిపిస్తోంది.

"రాసిచ్చాను" అన్నాను. అంతవరకు నిజమే. ఇంజనీరు నోట్ చేసుకున్నాడు. డ్రమ్ములోకి మనిషి దూరే మ్యాన్‌హోల్ మూత విప్పి టార్చిలైటు వేసి చూస్తే అర్ధగంటలో తేలిపోయే సంగతి. వాళ్ళు విప్పలేదు. విప్పితే చూడాలి, చూస్తే రాయాలి. అడిగి రాసుకోవడంలో ఆ ఇబ్బంది లేదు.

బయటికొచ్చాక రేకుల షెడ్డు నీడలో బావని ఆపాను.

"ఎందుకు చెప్పావ్ అట్టా?"

"నువ్వు రాసిచ్చావా లేదా?"

"ఎవురూ చెయ్యలేదు గదా."

"పదేళ్ళయింది. నీళ్ళు ఆవిరైపోయుంటయ్. గొట్టాలు గట్టియ్యి, అప్పట్లో వేసినయ్యి."

"అట్టా అని నిజంగా అనుకుంటున్నావా?"

ఆయన చొక్కా జేబులో కళ్ళజోడు సర్దుకున్నాడు. తర్వాత చాలా నెమ్మదిగా అన్నాడు.

"దాని ముందర నిలబడేది నేనే గదా. పోతే నేనే పోతా."

"నువ్వొక్కడివే నిలబడవు. ఇంతకు ముందు పోయినోడు నువ్వు కాదు."

ఆ మాట అనకూడదు. అన్నాను. బావ నన్ను చూసిన చూపులో అంతకు ముందు ఎన్నడూ లేనిదేదో ఉంది. "నరసరావుపేటలో ఫ్యాన్ కింద కూర్చుని పాఠాలు చెప్పుకో. ఈ ఊరి జోలికి రామాక" అని బండి ఎక్కి వెళ్ళిపోయాడు.

ఇంటికొచ్చి మా ఆయనకు చెప్పాను. మందుల పెట్టెలు సర్దుతూ విని, "మీ అక్కా బావల తిండి సంగతి. నీకెందుకు" అన్నాడు. మంచి సలహానే. వారం రోజులు అదే మాట నాకు నేను చెప్పుకున్నాను. ఇంజనీరుకు ఫోన్ చేద్దామని రెండుసార్లు నంబరు తీశాను. ఆయనకు విడిగా చెబితే బావ మీద చాటుగా చాడీ చెప్పినట్టుంటుంది. చెప్పకపోతే ఏమవుతుందో ఆలోచించడానికే భయంగా ఉండేది. చివరికి అక్కకు చెప్పాను, అక్క ఆయన్ను ఒప్పిస్తుందని. అదింకో పొరపాటు.

"నీకు ఉద్యోగముంది, మీ ఆయనకి షాపుంది" అంది అక్క. "నీకు గొట్టాలు గుర్తొస్తయ్. నాకు మీ బావ పదేళ్ళ నుంచి ఇంట్లో గోడకానుకుని కూర్చోడం గుర్తొస్తది."

"పేలిద్దక్కా అది."

"పేలితే పేలనీ. ఇప్పుడు మాత్రం ఏం బతికున్నామని."

అక్క అలా మాట్లాడే మనిషి కాదు. ఆ మాట తర్వాత మా ఇద్దరికీ మాట్లాడుకోడానికి ఇంక ఏమీ మిగల్లేదు.

ప్లాంటు మూతపడి చాన్నాళ్ళయింది కాబట్టి పాత అనుమతులు చెల్లవట. మళ్ళీ తెరవాలంటే ఊళ్ళో సభ పెట్టి జనం ఏమంటారో వినాలి. ఫ్యాక్టరీ పక్కన ఖాళీ స్థలంలో షామియానాలు వేశారు. వేదిక మీద కలెక్టరాఫీసు నుంచి వచ్చిన అధికారి, ఆయన పక్కన ఇంజనీరు. రెండు జీపుల పోలీసులు. కుర్చీలు చాలక జనం చుట్టూ నిలబడ్డారు. ఒక పక్క ఉద్యోగాలు కావాలన్న వాళ్ళు, మరో పక్క మిరప రైతులు. మధ్యలో తాడు కట్టారు. ఎవరు కట్టమన్నారో గానీ, ఆ తాడు చూశాకే జనానికి తాము రెండు వర్గాలని పూర్తిగా అర్థమైనట్టుంది. అప్పటిదాకా పక్కపక్కనే టీ తాగినవాళ్ళు చెరోవైపుకి జరిగారు.

మొదట ఒక పెద్దావిడ మైకు తీసుకుంది. ప్లాంటు నడిచిన రోజుల్లో ఆమె కల్లం చిమ్నీకి గాలివాటున ఉండేది. "కాయలు ఆరబోస్తే పొద్దున్నకి బూడిద. బేరగాళ్ళు గుప్పిట్లోకి తీసుకుని ఊది చూసి, మొహాన కొట్టి పోయేవోళ్ళు. కంట్లో బూడిద, కాయల్లో బూడిద. మాకొద్దయ్యా మీ కరెంటు" అంది.

తాడు అవతలనుంచి ఒక కుర్రాడు అరిచాడు. "కాయలు కడుక్కోవచ్చు. ఉద్యోగాల్లేకుండా ఎన్నాళ్ళు కూర్చుంటాం?"

"మీ అమ్మని కడగమను" అని ఎవరో ఇవతలనుంచి.

పోలీసులు లేచారు, కూర్చున్నారు. అట్లా గంటన్నర సాగింది. రెండు వైపులవాళ్ళు చెప్పిందీ నిజమే, అందుకే ఎవరూ ఎవరి మాటా వినలేదు. బావ ఉద్యోగాల వైపు ముందు వరసలో ఉన్నాడు. అక్క ఆయన వెనకాల. నన్ను చూసి అక్క తల పక్కకి తిప్పుకుంది.

మాట్లాడాలని నిశ్చయించుకుని వెళ్ళలేదు. బూడిద గురించి ఎవరైనా అడుగుతారు, ఇంజనీరు జవాబు చెబుతాడు, అయిపోతుంది అనుకున్నాను. కానీ ఇంజనీరు మైకు తీసుకుని, "బాయిలర్ పరిస్థితి చాలా బాగుంది. ఆపినప్పుడే పద్ధతి ప్రకారం భద్రపరిచారు. మీ ఊరి వాళ్ళే ఆ పని చేశారు. ఆర్నెల్లలో వెలిగిస్తాం" అన్నాడు. ఉద్యోగాల వైపు చప్పట్లు కొట్టారు. బావ కొట్టలేదు. కింద చూస్తూ కూర్చున్నాడు.

నేను లేచాను. మైకు చేతికి రాగానే నా గొంతు క్లాసులో పాఠం చెప్పే గొంతుగా మారిపోయింది. దానికి నాకే అసహ్యం వేసింది.

"ఈ ప్లాంటు ల్యాబులో ఎనిమిదేళ్ళు పనిచేశాను. బాయిలర్‌ని ఎట్లా భద్రపరచాలో రాసిచ్చింది నేనే. ఆ పని జరగలేదు. నీళ్ళు దింపలేదు. సున్నం పెట్టలేదు. ఆ సంగతి ఆ రోజే నాకు తెలుసు. తెలిసి ఎవరికీ చెప్పకుండా ఆటో ఎక్కి వెళ్ళిపోయాను. తప్పు నాది. గొట్టాలు కోసి చూడకుండా ఆ బాయిలర్‌ని వెలిగిస్తే దాని ముందున్న మనుషులు చచ్చిపోతారు."

బావ పేరెత్తలేదు. ఎత్తనందుకు ఏదో గొప్ప పని చేశానని ఆ క్షణంలో అనుకున్నాను. ఎత్తాల్సిన అవసరమే లేదు. చివరి షిఫ్టు ఎవరిదో ఆ షామియానా కింద తెలియనివాళ్ళు లేరు.

ఒక్కసారి గొడవ లేచింది. నా పక్కన ప్లాస్టిక్ కుర్చీ ఒకటి వచ్చి పడింది. ఎవడో నీళ్ళ ప్యాకెట్టు విసిరితే భుజానికి తగిలి పగిలింది. "పేటనుంచి వచ్చి మా పొట్ట కొడతందా" అని ఒకరు, "ఎంతిచ్చారో అడగండి" అని ఒకరు. మిరప రైతుల వైపు నాకు చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు కుర్చీ కంటే గట్టిగా తగిలాయి. నేను వాళ్ళ కోసం మాట్లాడలేదు.

అధికారి బావని మైకు దగ్గరికి పిలిచాడు.

"ఆ రోజు ఆపరేటరు మీరేనా?"

"నేనే సార్."

"నీళ్ళు దింపారా లేదా?"

బావ మైకు పట్టుకున్నాడు. ఒక చేత్తో మెడ వెనక తడుముకున్నాడు. దింపానని ఒక్క మాట అంటే చాలు, సగం ఊరు ఆయన వెనక నిలబడేది. నేను అబద్ధాలకోరునై పోయేదాన్ని. ఆయన వేదిక వైపు చూడలేదు, నా వైపూ చూడలేదు.

"గుర్తు లేదు సార్" అన్నాడు.

తర్వాత ఇంకోమాట అన్నాడు, మైకు దించేస్తూ. అది కూడా మైకులోకే పోయింది. "దీనికి ఉద్యోగం ఇప్పించింది నేనే సార్. ఇయ్యాల నా నోట్లో మట్టి కొట్టింది."

గేటు దగ్గర అక్క నాకోసం నిలబడి ఉంది. నా తడిసిన భుజం చూసి, అలవాటు చొప్పున కొంగు ఎత్తబోయి, ఆగిపోయింది. "ఇంకెప్పుడూ మా గుమ్మం తొక్కమాక" అంది. ఏడవలేదు. ఏడిస్తే నేను ఏదో ఒకటి చెప్పగలిగేదాన్ని.

నేను నరసరావుపేట బస్సు దిగేసరికే నా వీడియో ఫోన్లలో తిరుగుతోంది. ఎవరో కింద రాతలు కలిపారు. "అన్నం పెట్టిన చెయ్యి" అని మొదలయ్యే రాత ఒకటి. నేను మైకులో చెప్పిన "తప్పు నాది" అన్న ముక్క కత్తిరించేశారు. కాలేజీలో ప్రిన్సిపాల్ పిలిచి, "మన పిల్లల్లో అటువైపు ఊళ్ళ వాళ్ళు చాలామంది ఉన్నారు మేడమ్, కాస్త చూసుకోండి" అన్నాడు. ఏం చూసుకోవాలో చెప్పలేదు. మా ఆయన ఏమీ అనలేదు. వారం రోజుల పాటు ఏమీ అనకుండా ఉండడం అనడం కంటే హీనంగా ఉంటుందని అప్పుడే తెలిసింది.

నెలకు ఇంజనీరు ఫోన్ చేశాడు. నాలుగు చోట్ల గొట్టాలు కోసి పరీక్షకు పంపారట. "మీరు చెప్పినట్టే ఉంది మేడమ్. కింది వరస గొట్టాలు మరీ ఘోరం. గోరుతో నొక్కితే చొట్ట పడేట్టున్నాయి." ఏదో పరీక్ష పాసయ్యానని చెబుతున్నట్టే చెప్పాడు.

"మరి ఆ రోజు చాలా బాగుందన్నారు."

"అప్పటికి మాకున్న సమాచారం అది."

"మూత విప్పితే సమాచారం అక్కడే ఉంది గదండీ."

"మేము కూడా పై వాళ్ళు చెప్పినట్టే చెయ్యాలి మేడమ్" అన్నాడు. ఆ కంపెనీ గురించి ఆయన చెప్పిన నిజం అదొక్కటే అనుకుంటాను.

నేను అనుకున్నది ఏమిటంటే, బాయిలర్ పాడైంది కాబట్టి ప్లాంటు తెరవడం లేదని వాళ్ళు ఊరికి చెబుతారని. పేపర్లో వాళ్ళ ప్రకటన వచ్చింది. స్థానికుల అభ్యంతరాల వల్ల పవర్ ప్లాంటు ఆలోచన విరమించుకుంటున్నామని. అంతే. గొట్టాల మాట లేదు. ఒక్క వాక్యంతో కంపెనీ చేతులు కడుక్కుని పక్కకి జరిగింది. ఇంక ఆ ఊళ్ళో స్థానికుల అభ్యంతరం అంటే నేనే. పేపరు ఆఫీసుకు ఫోన్ చేసి గొట్టాల సంగతి చెప్పాను. రాసుకున్నామన్నారు. రాలేదు. ఇంజనీరుకు మెసేజ్ పెట్టాను, పరీక్ష ఫలితం కాగితం పంపమని. ఆయన చూసినట్టు ఫోన్‌లో గుర్తు కనపడింది, జవాబు రాలేదు.

కోపం ఎవరి మీద ఎక్కువో నాకిప్పటికీ తేలదు. సున్నం కాగితాన్ని సొరుగులో పెట్టినవాడి మీదా, మూత విప్పనివాడి మీదా, కుర్చీ విసిరినవాళ్ళ మీదా సమానంగానే ఉంది. కొన్ని రోజులు అందరికంటే ఎక్కువ నా మీదే ఉంటుంది. ఆ పావుగంట నేను వెనక్కి వెళ్ళి ఉంటే ఆ బాయిలర్ ఇప్పుడు బాగుండేదేమో, అప్పుడు బావకి ఉద్యోగముండేది, పెద్దావిడ మిరపకాయల మీద మళ్ళీ బూడిద పడేది. దాన్ని మంచి అనాలో చెడ్డ అనాలో కూడా నాకు తెలియదు. ప్లాంటు తెరవాలా వద్దా అని ఎవరైనా అడిగితే, బూడిద ఆపలేని ప్లాంటు తెరవకూడదనే అంటాను. కానీ అది నేను ఆ రోజు మైకులో చెప్పలేదు. నాకు తెలిసింది చెప్పాను, నేను కోరుకున్నది చెప్పలేదు. ఆ తేడా పట్టించుకునే ఓపిక ఆ ఊళ్ళో ఎవరికీ లేదు. నేను ఉద్యోగం పోయి గోడకానుకుని కూర్చుంటే నాకూ ఉండేది కాదేమో.

ప్లాంటును పాత ఇనుముకు అమ్మేశారు. గ్యాస్ కట్టర్లతో కోసే కూలీల్లో బావ కూడా చేరాడని మా ఆయన షాపుకొచ్చిన ఆ ఊరివాళ్ళెవరో చెప్పారు. బాయిలర్ ఎక్కడెక్కడ కోస్తే సులువుగా విడిపోతుందో ఆయనకు తెలుసు కాబట్టి పిలిచి మరీ పని ఇచ్చారట.

అది జరిగిన కొన్ని నెలలకు ఒక ఆదివారం పొద్దున బావ మా ఇంటికొచ్చాడు. చెప్పులు విప్పలేదు. అరుగు మీద కూర్చున్నాడు. బాగా చిక్కిపోయాడు. టీ తెస్తానంటే వద్దన్నాడు.

"చూశాను. నేనే కోశాను" అన్నాడు. "చేతికి వచ్చినయ్యి గొట్టాలు, అప్పడాల్లాగా. నువ్వు చెప్పింది నిజమే."

నేను గుమ్మం దాటి వచ్చి అరుగు చివర కూర్చున్నాను.

"అయినా చెప్పకుండా ఉండాల్సింది."

"చెప్పకుండా ఉంటే ఏమయ్యేదో నీకు తెలుసు గదా బావా."

"తెలుసు. తెలిసే అంటున్నా." వీధిలోకి చూస్తూ అన్నాడు. "నాకు చెప్పుకోడానికి ఒక్కరోజు ఇచ్చుండాల్సింది. నేనే చెప్పేవోణ్ణేమో."

చెప్పేవాడో కాదో ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు. రేకుల షెడ్డు కింద ఆయన్ను ఆపిన రోజునుంచి సభ దాకా ఒకటి కాదు, చాలా రోజులున్నాయి. ఆ లెక్క ఆయనకు చెప్పాలనిపించింది. చెప్పలేదు.

తర్వాత వచ్చిన పని చెప్పాడు. ఇక్కడ నూనె మిల్లులో చిన్న బాయిలర్ ఉంది. దానికి మనిషి కావాలి. పాత కంపెనీ లేదు కాబట్టి, ఆయన పని తెలిసినవాళ్ళు ఎవరైనా రాసిస్తే చాలన్నారు. "నువ్వు తప్ప రాసిచ్చేవోళ్ళు లేరు" అన్నాడు. ఆ మాట అనడానికే ఆయనకు ఎంతో సేపు పట్టింది.

నాకు జాలి వెయ్యాల్సిన చోట కోపం వచ్చింది. "ఏం రాయమంటావ్? మనిషిని ఆవిరిలోంచి బయటికి లాగావని రాయాలా, నీళ్ళు దింపకుండా వెళ్ళిపోయావని రాయాలా?"

బావ నావైపు తిరిగి తిన్నగా చూశాడు, రేకుల షెడ్డు కింద మాట్లాడిన రోజు తర్వాత మొదటిసారి.

"రెండూ రాయి" అన్నాడు.

లోపలికెళ్ళి కాగితం తీసుకుని చాలాసేపు కూర్చున్నాను. మా ఆయన వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. చివరికి బావ ఎన్నేళ్ళు బాయిలర్ నడిపాడో, ఏ సైజు బాయిలరో రాసి, ఆయన షిఫ్టులో నేను పరీక్షించిన నీళ్ళు ఎప్పుడూ సరిగ్గానే ఉండేవని రాసి సంతకం పెట్టాను. అందులో అబద్ధం లేదు. కింద ఇంకో వాక్యం రాశాను. పని ఆపినప్పుడు నీళ్ళు దింపించే బాధ్యత మిల్లు యజమాని దగ్గరుండి చూసుకోవాలని.

బావ కళ్ళజోడు పెట్టుకుని పూర్తిగా చదివాడు. ఆ చివరి వాక్యం దగ్గర ఆగాడు. చింపేస్తాడనుకున్నాను. నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని, వస్తానని కూడా చెప్పకుండా లేచి వెళ్ళిపోయాడు.

మిల్లు వాళ్ళు తీసుకున్నారు. అక్కా వాళ్ళు ఊరొదిలి పేటలోనే గది అద్దెకు తీసుకున్నారని విన్నాను, ఎక్కడో నాకు చెప్పలేదు. బావ రోజూ పొద్దున మా వీధి మీదుగానే బండి మీద పనికి పోతాడు. నేను కాలేజీకి బయలుదేరే వేళ అది. మా ఇంటి ముందు స్పీడు బ్రేకరు ఉంది కాబట్టి బండి నెమ్మదిస్తుంది. ఆయన తల తిప్పడు. నేనూ పిలవను.